ఇంజన్‌రూమ్ మనిషి ప్రమాణం రాస్తున్నాడు

ఫాదర్ ఎలిజియో అచ్చు కాగితం ఇచ్చాడు.
"ఖాళీలు నింపితే చాలు, క్రిసాంతో."
పేరు చోట చుక్కలు, ఏళ్ళ చోట చుక్కలు.
ఎన్ని చుక్కలు కలిపినా
నీ మొహం రావట్లేదు, పెర్పింగ్.

అందుకే పాత లాగ్‌బుక్ తీశాను.
వెనక పేజీలు ఇంకా తెల్లగానే ఉన్నాయి.
నాకు చేతనైన రాత ఇదొక్కటే:
గంట, ఆయిల్ ప్రెషర్, నీటి వేడి,
విశేషం ఏదైనా ఉంటే ఒక ముక్క.
ముప్ఫై ఒక్క ఏళ్ళు రాశాను.
ఎక్కువసార్లు, విశేషం ఏమీ లేదనే.

నలభై ఏళ్ళ పెళ్ళి అని
చర్చి గోడకి గుడ్డ కట్టారు పిల్లలు.
రాత్రి నీకు తెలియకుండా
పాస్‌పోర్టు ముద్రలు ముందేసుకుని లెక్క కట్టాను.
ఎక్కిన రోజు, దిగిన రోజు, మళ్ళీ ఎక్కిన రోజు.
నలభైలో మనం ఒక కప్పు కింద ఉన్నది
పద్నాలుగేళ్ళ రెండు నెలలు.
మిగతాది ఎవరి పెళ్ళి?
ఫాదర్‌ని అడగలేదు.

మొదటిసారి ఏమేం ఒప్పుకున్నానో గుర్తులేదు.
కొత్త బూట్లు కరుస్తున్నాయి.
మన ఇద్దరి మెడల చుట్టూ ఎనిమిది అంకెలా వేసిన పట్టుతాడు
నీ జడపిన్నుకి చిక్కుకుంటే
నువ్వు నవ్వావు, మీ అమ్మ గుడ్లురిమింది.
నీ దోసిట్లో పదమూడు వెండి నాణేలు పోశాను.
నాకున్నదంతా నీదేనన్నాను.
అప్పటికి నాకున్నది నిజంగా అంతే.

తుఫాను కప్పు లేపుకెళ్ళిన ఏడు
ఆ పదమూడూ ఇచ్చి రేకులూ మేకులూ కొన్నావని
పదకొండేళ్ళ తర్వాత గానీ చెప్పలేదు నువ్వు,
అదీ నేను నాణేలు వెతుకుతుంటే.
ఆ రాత్రి నేనెక్కడున్నానో
ఈ పుస్తకంలో ఇప్పుడే దొరికింది:
అక్టోబరు పద్దెనిమిది. సముద్రం నిమ్మళం.
విశేషం ఏమీ లేదు.

లాగ్‌బుక్‌లో చెరపకూడదు.
ఒక్క గీత కొట్టి, పక్కన పొడిసంతకం పెట్టి
సరైనది రాయాలి, అది పద్ధతి.
గీత కొట్టాను. రాశాను:
పిల్లలిద్దరూ మంచం కింద.
రేకు మూల పట్టుకుని తెల్లారేదాకా పెర్పెతువా ఒక్కతే.
సంతకం దగ్గర చెయ్యి ఆగింది కాసేపు.

సెలవులకి వచ్చినప్పుడల్లా
అటక మీంచి పూల పళ్ళెం దించేదానివి, చుట్టాల పళ్ళెం.
చేప నడిముక్క నాకే.
పిల్లలు గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు.
నా ఇంట్లో గ్లాసులెక్కడుంటాయో
అడిగి తెలుసుకునేవాణ్ణి.
అల్లుడికి జరగాల్సిన మర్యాద మొగుడికి జరిగితే
ఎవరితో చెప్పుకుంటాడు?

ఓడ పూర్తిగా దిగేసిన నాలుగో నెల కాబోలు,
ఒక మంగళవారం,
సొట్టపోయిన ఎనామిల్ కంచంలో అన్నం పడేసి
"తిన్నాక నువ్వే కడుక్కో" అన్నావు,
టీవీ మీంచి చూపు తిప్పకుండానే.
పంపు కింద ఆ కంచం ఎంతసేపు తోమానో.
పెళ్ళి తారీకు అడిగితే
ఆ మంగళవారమే చెప్పాలనుంటుంది నాకు.

సరే, శనివారం అందరి ముందూ ఏం చదవను?
కలిమిలో, లేమిలో: అవి అయిపోయాయి.
చావు విడదీసేదాకా: ఈ వయసులో అది
రేడియోలో వాతావరణ సూచనలా వినిపిస్తుంది.

ఇంతవరకూ రాశాను, చూడు:
తుఫాను జెండా ఎగిరితే నిచ్చెన నేనెక్కుతాను. నువ్వు కింద పట్టుకో.
పూల పళ్ళెం పెద్దకోడలికి ఇచ్చెయ్యి.
వినపడకుండానే తలూపే అలవాటు మానేస్తాను.
పదమూడు రేకుమేకులు రుమాల్లో మూటకట్టి ఉంచాను,
నాణేల బదులు. ఫాదర్‌కి చెప్పకు.

గుమ్మంలోకి వచ్చి ఏదో అంటున్నావు,
ఎడమ వైపు నుంచి, ఇంజన్ తినేసిన చెవి వైపు నుంచి.
పెదాలే కదులుతున్నాయి.
తల ఊపబోయి ఆగాను.

ఏమన్నావ్, పెర్పింగ్?
ఇటు పక్కకి రా.