తిప్పక్క అర్జీ

అనంతపురం కలెక్టరాఫీసు గోడవార
ఒక మడత బల్ల, ఒక గొడుగు, రెండు పెన్నులు.
సోమవారమొస్తే పదహైదు అర్జీలు,
ఒక్కోదానికి యాభై.
చదివేటోని మనసు యాడ మెత్తగుంటాదో
కనిపెట్టేది ఇరవై రెండేండ్లుగా నా పని.

మొదటి వాక్యంలో అయ్యగారిని ఎత్తాల.
రెండోదాంట్లో మనం పడిపోవాల.
ఒక మాటను మూడు మార్లు కొట్టాల, మేకును కొట్టినట్ల:
లేదు, లేదు, లేదు.
జవాబు అక్కరలేని ప్రశ్నొకటి వేసి
ఆయప్ప తల వంచుకునేంత జాగా విడవాల.
అంకె ఉండాల, గుండ్రంగా మటుకు ఉండగూడదు.
ఆరేండ్ల కన్నా
ఐదేండ్ల పదకొండు నెలలకు బరువెక్కువ.

తిప్పక్క కణేకల్లు నుంచి మొదటి బస్సుకొచ్చింది.
మూడు నెలలుగా పింఛను లేదు,
మిషను ఆమె వేలిని గుర్తుపట్టడం లేదు.
చెప్పింది ఇంతే. తక్కినదంతా నేను రాసినా:
"ఆకాశమే కన్నీరు కార్చిన ఈ అభాగ్యురాలు..."

చెయ్యెత్తి ఆపింది.
"ఆకాశం యాడ ఏడ్చిందప్పా?
అది ఏడ్చింటే చెరువు నిండేది,
మళ్లు నాటుకుంటా ఉందును,
నీ దగ్గరికి యాలొస్తును?"

కొట్టేసినా.

"దిక్కులేనిదాన్ని" అని చదివినా.
"మా చెల్లెలు హనుమక్క వింటే జుట్టు పట్టుకుంటాది. తీసెయ్."

"తమ పాదాలకు మొక్కి..."
"పాదాలు బల్ల కింద ఉంటాయి గదప్పా,
ఆయప్పకే కనపడవు."

కాయితం బక్కచిక్కిపాయ.
నాలుగు వరుసలు మిగిలినాయి.
నా కోపమంతా ఒకటే:
జవాబు అక్కరలేని ప్రశ్న, ఎత్తిపొడుపు, పోలిక,
నేను పెన్నుతో వెతికేటివన్నీ
ఆమె నోట్లో ఒక్క ఊపిరికి వచ్చిపోతాండాయి,
రాయమంటే మటుకు వద్దంటాంది.

ఇంకు ప్యాడు తెరిచినా.
బొటనవేలు అద్ది ఒత్తింది.
గీత లేదు.
నలభై ఏండ్లు చెనిక్కాయలు వలిచిన వేలు,
కాయితం మీద ఊదా రంగు మచ్చ,
నున్నగా, అరిగిన రూపాయి మాదిరి.

ఇద్దరమూ దాన్ని చూస్తా కూసున్నాము.
గొడుగు నీడ బల్ల దాటి పక్కకు జరిగింది.

"కింద ఏమన్నా రాయాల్నా?"
"రాయి. ఇది నా వేలే అని."

రాసినా.
ముందర ఒక మాట, వెనక ఒక మాట చేర్చాలని
చెయ్యి గుంజింది.
ఊరకుంటి.

కొంగుముడి విప్పి ముప్పై ఇచ్చింది.
"ఇంకో ఇరవై?" అన్నా.
"కొట్టేసిన మాటలకు కూడా దుడ్లా?" అని
కాయితం మడవకుండా,
తడి మచ్చను గాలికి పట్టుకోని
గేటు తట్టు నడిచింది.