కిటికీ ఉన్న మాస్కు

బరంపురం మున్సిపాలిటీ కుట్టు కేంద్రానికి
తాళం పడ్డ రోజు
పదహారు చక్రాలూ ఒకేసారి ఆగలేదు.
చివరిది గోలాపిది.
తాళం సంగతి అందరూ విన్నారు,
తను చూడాలి కదా.

వారానికి పైనుంచి ఉత్తరువు:
శిక్షణ ఆగదు, పాఠాలు ఫోనులో.
తెర మీద కనపడ్డవాళ్లకే హాజరు,
హాజరున్నవాళ్లకే భత్యం.
పాణిగ్రాహి బాబు ఒడియాలో చదివి
నాకోసం తెలుగులో మళ్లీ చెప్పాడు.
రెండు భాషల్లోనూ ఒక్కలాగే గుచ్చుకుంది.

రిజిస్టరు తెరిచాను.
ముప్పై ఒక్క పేర్లు. ఫోన్లు పదకొండు.
ఆ పదకొండులో సుభాసినిది
మొగుడి చేపల బండితో ఊరంతా తిరుగుతుంది,
రెహానాది ముగ్గురు తమ్ముళ్లకి బడి,
సీతారత్నానికి సిగ్నలు కావాలంటే
నీళ్ల ట్యాంకు నిచ్చెన మూడో మెట్టు ఎక్కాలి,
ఒక చేత్తో నిచ్చెన, ఒక చేత్తో ఫోను,
ఇక కత్తెర ఏ చేత్తో?

అయినా కెమెరా ముందు కూర్చుని
చంక కత్తిరింపు చెప్పాను.
బొమ్మ ఆగిపోయింది. నా కత్తెర గాల్లో.
"అక్కా, గుడ్డ కనపడట్లేదు,
మీ ఇంటి ఫ్యానే కనపడుతోంది."

ఒకే కొలతకి ముప్పై ఒక్క జాకెట్లు కుట్టి
తలా ఒకటి పంచి, సమానమే కదా అంటే
ఏ ఆడమనిషి ఒప్పుకుంటుంది?
బాబుతో అదే అన్నాను.
"రాసివ్వండి," అన్నాడు.
రాసిచ్చాను. జవాబు ఇప్పటికీ రాలేదు.
తాళంచెవి మాత్రం
ఏ కాగితమూ అడక్కుండా నా చేతిలో పెట్టాడు.

పన్నెండు మిషన్లు రిక్షాలెక్కాయి.
ఫోను లేని గడపకి ముందు మిషను,
నాకు తెలిసిన లెక్క ఇదొక్కటే.
ఫోనున్నవాళ్లు అలిగారు. అలగనీ.
పాత పేపర్ల మీద పాఠం గీసి, కత్తిరించి, మడిచి
రేషను సంచుల్లో పంపాను.
మాస్కుకి రూపాయిన్నర కూలి.
హాజరు గడిలో మాస్కుల లెక్క రాశాను,
కుట్టిన చేతికన్నా సాక్ష్యం ఏముంది?

జ్యేష్ఠంలో సూరత్ రైలొచ్చింది.
ఊరి బడిలో పద్నాలుగు రోజులుండి
దండపాణి మా గుమ్మంలో నిలబడ్డాడు.
పన్నెండేళ్లు మరమగ్గాల మధ్య బతికినవాడు.
మాస్కు గడ్డం కిందకి దించి
"దారం తెలుసు, సూదే తెలీదు," అన్నాడు.
అన్నాడంటే, గొంతు రాలేదు, పెదాలే కదిలాయి.
ఆ మోతలో అరిచి లాభం లేదంట,
అక్కడ అందరూ పెదాలతోనే మాట్లాడుకుంటారంట.
అలవాటు రైలెక్కి వెంట వచ్చేసింది.

"ముందు మాస్కు పైకి!" అని కసిరాను.
కానీ ఈలోగా మూలన
గోలాపి నవ్వింది.
ఫోన్లు లెక్కపెట్టాను, మిషన్లు లెక్కపెట్టాను,
అన్ని నెలలూ ఆ పిల్ల ముందు
మేమంతా తలుపులేసిన ఇళ్లలా తిరిగామని
ఏ గడిలోనూ రాసుకోలేదు నేను.

ఆ రోజు దండపాణి మూడు సూదులు విరిచాడు.
"కొత్త కదా, నెమ్మదిగా వస్తుందిలే," అన్నాను.

పట్టుచీర మీది ప్లాస్టిక్ కవరు
అడ్డంగా కోసి, నోటి దగ్గర పెట్టి కుట్టింది
నేను కాదు, గోలాపి.
మొదటిదానికి ఊపిరి తగిలి ఆవిరి పట్టింది.
లోపల సబ్బు రుద్దమన్నాడు దండపాణి.
రెండోదానికి కుట్టు వంకర పోయింది.
ఏడోది నేను పెట్టుకున్నాను.

నమూనాకి సరిపోలేదని
ఆ ఏడింటి కూలి ఆఫీసు కోసేసింది.
పదిన్నర రూపాయలు.
నా పర్సు తీయబోతే చెయ్యి పట్టుకుంది.
కిటికీ వెనక తన పెదాలు ఏదో అన్నాయి.
మళ్లీ అన్నాయి.

ఏమంటోంది, దండపాణీ?

"అక్క కొత్త కదా,
నెమ్మదిగా వస్తుందిలే, అంటోంది."