ఐదు నిమిషాల పట్టీ

యోయెన్సూలో జనవరి.
కిటికీ అవతల నది గడ్డకట్టి ఉంది.
అర్మాస్ కెట్టునెన్ చొక్కా చేయి పైకి మడిచాడు.
ఒకప్పుడు ఈ నది మీదే దుంగలు తోలినవాడు.
ముంజేతికి పట్టీ చుట్టి గాలి నింపాను.
"ఐదు నిమిషాలు. తిమ్మిరెక్కుతుంది, కదపొద్దు."

తెర మీద ధమని:
రెండు తెల్ల గీతలు, మధ్యన నల్లటి దారి.
పట్టీ వదలగానే నెత్తురు ఒక్క ఉదుటున వస్తుంది.
ఆ ఒరిపిడికి లోపొర మేలుకుని
జరగండి, దారివ్వండి అనాలి.
గోడలు జరగాలి.

జరగలేదు.
"మాట వినదా?" అన్నాడు.
"వింది. విని ఊరుకుంది."

ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదు.
ఇతను తిన్నది పీపాలకొద్దీ ఉప్పు:
చలికాలమంతా ఊరేసిన ముయిక్కు చేపలు,
రై రొట్టె మీద వేలి మందాన ఉప్పు వెన్న.
తాగిన నీళ్లన్నీ నెత్తురులో చేరి
గోడల్ని గుద్దాయి
నిమిషానికి డెబ్భై సార్లు,
నిద్రపోతున్నా సరే.

ఏప్రిల్లో మళ్లీ వచ్చాడు.
కందిగింజంత మాత్ర, రోజుకొకటి.
నూట డెబ్భై ఎనిమిది కాస్తా నూట ముప్పై రెండు.
డాక్టరమ్మ ఆ అంకె చుట్టూ సున్నా చుట్టి మురిసిపోయింది.
నేను పట్టీ కట్టాను, వదిలాను.
రెండు గీతలు.
ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"అంకె దిగిందిగా?"
"దిగింది."
"మరి దీనికెవరూ చెప్పలేదా?"

కొట్టడం మానేసిన ఇంట్లో
పిల్లలు మర్నాడే నవ్వరు.
మెట్ల మీద బూట్ల చప్పుడైతే
ఇంకా కొన్నాళ్లు బల్ల కిందికి దూరతారు.
ఇది నేను చదువుకున్న పాఠం కాదు.
అతనితో మాత్రం
"టైం పడుతుంది. కొందరికి రాదు కూడా" అన్నాను.

సెప్టెంబరులో బుట్టెడు పుట్టగొడుగులతో దిగాడు.
ఈసారి ఐదు నిమిషాలూ నోరు మూయలేదు.
దుంగలు చిక్కుపడితే కుర్రాళ్లు బలం కొద్దీ పొడిచేవాళ్లట,
ఒడ్డు చీలేదే తప్ప దుంగ కదిలేది కాదట.
"ముసలి రేకో ఒక్కడే
కొక్కెం కర్ర ఆనించి వినేవాడు,
ఏ దుంగ మూలుగుతోందో..."

పట్టీ వదిలాను.
నెత్తురు వచ్చింది.
ముప్పై సెకన్లు. నలభై.
పై గీత కొంచెం పైకి,
కింది గీత కొంచెం కిందికి.
రెండు వెంట్రుకల మందం, అంతే.
యవ్వనమేమీ తిరిగి రాలేదు.
నేను మాత్రం రెండుసార్లు కొలిచాను.

"ఏమైంది?" అన్నాడు తల తిప్పకుండా.
"జరిగింది."
అతను వేళ్లు ముడిచాడు, తెరిచాడు,
ఆ చేయి ఇంకెవరిదో అయినట్టు చూసుకున్నాడు.

మా నాన్న తాగుడు మానేసి పన్నెండేళ్లు.
ఇప్పటికీ మా తలుపు
మెల్లగా, రెండుసార్లే తడతాడు.
ఆదివారాలు మాత్రమే వస్తాడు.
ఇవాళ మంగళవారం.
పుట్టగొడుగులు ఎక్కువున్నాయని
ఫోన్ చేశాను.