చప్పిడి లెక్క

అల్లూరు ఆస్పత్రిలో డాక్టరమ్మ
చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, గాలి వదిలి
"ఏం పని చేస్తావమ్మా?" అంది.
"ఇసకపల్లి కయ్యల్లో ఉప్పు తీస్తా" అన్నా.
రాయడం ఆపి,
నవ్వాలో వద్దో తెలీక
"అదే తగ్గించాలి" అంది.

ఇరవై ఆరేళ్ళుగా
మడమల పగుళ్ళలో ఉప్పు,
కొంగు చివర ఉప్పు,
బిడ్డకు పాలిచ్చే ముందు ఎంత కడిగినా పోని ఉప్పు.
కంచంలోకి మాత్రం రావద్దంటే
ఎవరికి చెప్పుకోను?

అయినా మొదలుపెట్టా.
పొయ్యి పక్క గోడ మీద
రోజుకొక బొగ్గు గీత.
ఊరగాయ జాడీ అటక ఎక్కింది.
ఎండు నెత్తళ్ళు చెల్లెలింటికి పోయాయి.
చప్పిడి చారు, చప్పిడి వంకాయ.
నిమ్మకాయ పిండితే నాలుక కాసేపు ఊరుకునేది.
పద్దెనిమిది గీతలు.
గోడకేసి చూసినప్పుడల్లా
నేనేదో గొప్ప మనిషినన్నట్టు ఉండేది.

పంతొమ్మిదో రోజు
కోవూరు నించి మా ఆడబిడ్డ వచ్చి
మామిడికాయ ముక్కలేసి ఎండు సావళ్ళ పులుసు పెట్టింది.
ఒక్క ముక్కే అనుకున్నా.
ఎటూ తప్పింది గదా అని
రెండోసారి వడ్డించుకున్నా.
ఎటూ తప్పింది గదా అని
అందరూ పడుకున్నాక
పీటేసుకుని అటక మీది జాడీ దించా.
ఎటూ తప్పింది గదా అని
తడిగుడ్డ తెచ్చి
పద్దెనిమిది గీతలూ తుడిచేశా.
గోడ తెల్లగా కాలేదు.
మసి మసిగా,
నా మొహంలాగే మిగిలింది.

మాత్ర కూడా మానేశా, నాలుగు రోజులు.
నాలాంటిదానికి మందెందుకని.

అయిదో రాత్రి, నడి వైశాఖంలో, వాన.
తెల్లారి కయ్యల కాడికి పోతే
తాటాకు కప్పని వైపంతా కరిగి
ఉప్పు కుప్ప ఒక పక్కకి కూలి ఉంది.
గట్ల మధ్య నిండా మంచినీళ్ళు,
ఎందుకూ పనికిరాని మంచినీళ్ళు.
నాకు ఏడుపొచ్చింది. కుప్ప కోసం కాదు.

మస్తానమ్మ అప్పటికే చీర ఎగ్గట్టి
గట్టుకు గండి కొడతా ఉంది.
"ఏందిమే, అట్నే నిలబడ్డావ్? రా."
"అంతా పోయింది గదక్కా, మళ్ళీ మొదటి నించి..."
"మొదటి నించా?"
పార పక్కన పెట్టి
పాదం ఎత్తి నీళ్ళలో దబ్బున వేసింది.
"ఈడ నిలబడి చూడు. దిగబడతాందా నీ కాలు?"

దిగబడలేదు.

"ఈ కయ్య కొత్తగా చేసిన యేడు
నెలా పదైదు రోజులు తొక్కినాం,
నువ్వూ నేనూ పెంచలయ్యా, మోకాల్లోతు బురదలో.
వాన ఉప్పును తీసకపోయింది.
తొక్కుడును తీసకపోద్దా?
ఇప్పుడు మూడు రోజులు చాలు. మాటలాపి రా."

ఆమెకు నా గోడ సంగతి తెలీదు.
నేను చెప్పనూ లేదు.

నీళ్ళు తోడుతున్నంతసేపూ లెక్కేశా.
నిమ్మకాయ ఎప్పుడు పిండాలో తెలిసింది.
కుండలో ఉప్పు వేసే చెయ్యి
అలవాటుగా లేచి, గాల్లో ఆగడం నేర్చుకుంది.
జాడీ దించిన రాత్రి కూడా ఆగింది,
నేనే దాన్ని ముందుకు తోశా.
ఆ రాత్రి దాహంతో మూడుసార్లు లేచా.
అంతకు ముందయితే ఒక్కసారీ లేచేదాన్ని కాదు.
నాలుక మారింది, నేను గమనించలా.
తడిగుడ్డకు అందలేదు ఇవి.

సాయంత్రం జాడీ మళ్ళీ అటక ఎక్కించా.
మాత్ర మింగా.
బొగ్గు ముక్క పట్టుకుని
ఒకటి గీయబోయి ఆగి,
మసి మీదే, మసి కనపడేట్టే
పంతొమ్మిది అని అంకె వేశా.
పక్కన ఒక చుక్క పెట్టా, వాన పడ్డ రోజుకు.
ఇంకా చుక్కలు వస్తాయి. కార్తె చూసుకుని రావు అవి.

శ్రావణంలో ఆడబిడ్డ మళ్ళీ వస్తానంది,
సావళ్ళు తెస్తానంది.
సంతలో నాలుగు నిమ్మకాయలు ఎక్కువ తీసుకోవాలి,
మబ్బు కనపడగానే
కుప్ప మీదికి తాటాకు లాగినట్టు.