ఐదో బల్ల

బెండిగోలో ఫిబ్రవరి అంటే నడివేసవి.
ట్రామ్ పట్టాలు కూడా మెత్తబడతాయేమో అనిపించే పొద్దున
పన్నెండో నంబరు గదిలో
ఒక్కదాన్నే బల్లలు జరుపుతున్నాను.
నేల కీచుమంటే
పక్క గది ట్రెవెనా తలుపులోంచి తొంగిచూసి
"మళ్ళీ కాపురం మారుస్తున్నావా?" అంటాడు.

నాలుగు మూలలు, నాలుగు బల్లలు.
కిటికీ కింద మాటల బల్ల:
అట్ట ఊడిన నిఘంటువు, భూతద్దం,
ఏ మాట ఏ వేరునుంచి మొలిచిందో వెతికే చీటీలు.
బోర్డు పక్కన దిద్దుబాటు బల్ల.
ఎర్ర పెన్సిలుకి అక్కడ ప్రవేశం లేదు.
సింకు దగ్గర వినే బల్ల,
ఆరు హెడ్‌ఫోన్లలో పలికేవి నాలుగు.
తలుపు వెనక కథని తోకనుంచి రాసే బల్ల.
ప్రతి బల్లమీదా ఒక సూచనల అట్ట, నా ముత్యాల్లాంటి అక్షరాలతో.
ఇరవై నిమిషాలకో గంట,
గంట మోగితే లేచి పక్క బల్లకి.
ప్లాను కాగితం మీద బాణాలు గుండ్రంగా తిరిగాయి.
గానుగ గుర్తుకు రావాల్సింది నాకు, రాలేదు.

పిల్లలు ఏడుగురు.
ప్రతిభావంతులని ఫైలు చెబుతుంది.
ఫైలు చెప్పనిది:
ఆంబ్రోస్ ఒక్క అక్షరం వంకరపోతే
కాగితమంతా చింపేస్తాడు.
ఓర్లా అన్నీ పదకొండు నిమిషాల్లో ముగించి
గోడ గడియారాన్ని, తర్వాత నన్ను,
ఒకేలా చూస్తుంది.
పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు మావాళ్ళు.
ముల్లు సంగతి ఎవరూ ఎత్తలేదు.

మూడో గురువారం గంట కొట్టాను.
పా టూ లేవలేదు.
మాటల బల్ల మీద లేదు, కింద ఉంది,
మోకాళ్ళమీద నిఘంటువుతో.
"ఇందులో లేదు, మిస్."
ఏది లేదు?
అడవి మీదుగా వాన వస్తున్నప్పుడు
తడవకముందే వినిపించే చప్పుడు.
వాళ్ళ అవ్వ దగ్గర దానికో మాట ఉందట.
కరెన్ లిపిలో రాసి చూపించింది.
గుండ్రని అక్షరాలు.
ఒక్క క్షణం
చదివేయగలననుకున్నాను.
ఆ సున్నాలు, ఆ కొసలు, ఆ మెలికలు
మా ఇంటి గుణింతంలోంచి నడిచొచ్చినట్టే ఉన్నాయి.
పెదవి కూడా కదిలింది.
ఒక్క అక్షరమూ రాలేదు.
(ముప్ఫై ఏళ్ళ తర్వాత మళ్ళీ
అక్షరం రానిదాన్నయ్యాను, అర నిమిషం.
ఎంత బాగుందో ట్రెవెనాకి చెప్పలేదు.)

రెండో గంట నా చేతిలోనే ఉండిపోయింది.

వరండాలో కుంటికాలు బల్ల ఒకటుంది.
వాళ్ళే లాక్కొచ్చారు, కాలికింద నా ప్లాను మడిచి పెట్టారు.
సరిగ్గా సరిపోయింది.
"అట్ట ఏది? ఏం చెయ్యాలి?" అన్నాడు ఆంబ్రోస్.
"నాకూ తెలీదు."
ఇలాంటి జవాబుకి వాడికి అలవాటు లేదు.
చాలాసేపు పెన్సిలు కొరికాడు.
చివరికి వాళ్ళ నాన్న ట్రక్కు స్టార్టు కానప్పటి చప్పుడుకి
ఒక మాట పుట్టించాడు.
మధ్యలో అక్షరం వంకరపోయింది.
చేయి కాగితం అంచుదాకా వెళ్ళి,
వెనక్కొచ్చి,
ఆ వంకర పక్కనే ఇంకొకటి రాసింది.

ప్రిన్సిపాల్ వచ్చి నాలుగు బల్లలూ మెచ్చుకుంది.
ఐదోదాని దగ్గర ఆగి
"ఇది ఏ లక్ష్యం కింద?" అంది.
నా దగ్గర రెండు మూడు పెద్ద మాటలున్నాయి.
వాడలేదు.

నిన్న నేనూ ఒక చీటీ పెట్టాను అక్కడ:
అరసున్న.
విరిగిన గాజుముక్కలా ఉందంది ఓర్లా.
"ఎలా పలకాలి?"
పలకరు. ఇప్పుడైతే రాయరు కూడా.
మా తాత ఉత్తరాల్లో ఉండేది.
"ఒకప్పుడు పలికేవాళ్ళా?"
పలికేవాళ్ళట, ముక్కుతో, కొంచెం.

గంట వేళ దాటింది.
గడియారం దాని వెనకే ఉంది, అది చూడలేదు.
చీటీని భూతద్దం కింద పెట్టి
చెవి కూడా దగ్గరగా పెట్టి అడిగింది:
"మరి ఆ చప్పుడు
ఎక్కడికి పోయింది, మిస్?"