అటూ ఇటూ నాలుగు

పుసియానో సరస్సు ఒడ్డున
నవంబరు పొద్దు తెల్లారీ తెల్లారకుండా ఉంది.
ఎజీదియో రిగమోంతి బెంచీ మీద కొంచెం జరిగి
"ఎన్ని, ఓర్సోలా?" అన్నాడు.
పలకరింపులు ఆయనకు చేతకావు.

"పందొమ్మిది."

పదకొండు గంటలు రెప్ప వాల్చకుండా చూసింది
పైనున్న మా దుర్భిణి.
నడిమధ్యన సూర్యుడు విసిరిన ప్రోటాన్ల దుమ్ము
మూడు గంటల్ని పాడుచేసింది.
కోసి పారేశాను, బూజు పట్టిన రొట్టె అంచులా.
మిగిలిన ఎనిమిది గంటలకు
పందొమ్మిది ఎక్స్-రే కణాలు.
రెండు వందలు వస్తాయనుకున్నాం.

మామూలు వెలుగులో చూస్తే ఆ క్వాసార్
తన గెలాక్సీనంతా
దివిటీ ముందు మిణుగురును చేసేస్తుంది.
ఎక్స్-రేల దగ్గరికొచ్చేసరికి
బెల్లం కొట్టిన రాయి.
ఉలకదు, పలకదు.

ముప్ఫై ఏళ్ళ కిందట ఈయన
ఆ కొండ వెనక షెడ్డులో అచ్చులు నునుపు చేసేవాడు.
ఎక్స్-రేకి అద్దం ఎదురుగా పెడితే
గోడే లేనట్టు దూసుకుపోతుంది.
పక్కనుంచి ఒరుసుకుంటూ పోనిస్తేనే మళ్ళుతుంది,
నీళ్ళ మీద చిల్లపెంకు గెంతినట్టు.
అందుకే గిన్నెలో గిన్నె, ఆ గిన్నెలో మరో గిన్నె,
అడుగు లేని గిన్నెలు, లోపల బంగారు పూత.
అచ్చు మీద బంగారం, బంగారం మీద నికెల్.
చల్లబరిస్తే టక్కుమని ఊడొచ్చేవట.

"పైకెళ్ళింది నేను రుద్దింది కాదు" అంటాడు ప్రతిసారీ.
"అది ఇక్కడే గోదాములో దుప్పటి కప్పుకుని ఉంది.
దాని నునుపు మాత్రం వెళ్ళింది."

"మరి ఎందుకంత తక్కువ?"
చెప్పాను. కృష్ణబిలం చుట్టూ తిరిగే పళ్ళెం,
దాని మీద కోట్ల డిగ్రీల పొగ.
ఎక్స్-రేలు పుట్టేది అందులోనే.
అది సన్నగిల్లి ఉండాలి, లేదా
పళ్ళెం నుంచే లేచిన గాలి
దానికి అడ్డం నిలబడి ఉండాలి.
"ఆ పొగకి పేరుందా?"

ఉంది. నాలుక చివర ఆగింది.
లొంబార్దియాలో ఆ మాట
ఇంకా గొంతు తగ్గించే అంటాం.
"కరోనా."

జేబులో ఆయన చెయ్యి ఆగిపోయింది.
"ఆక్విలీనా ఫోటో చూపించారు" అన్నాడు కాసేపటికి.
"ఊపిరితిత్తులు నల్లగా ఉండాలట. తెల్లగా ఉన్నాయి.
అడ్డున్న చోట తెలుపు, అంతేనా?"
అంతే.
"నీ దాంట్లో?"
మాకు అడ్డున్న చోట చీకటి.
"అయితే దానికీ ఊపిరాడక..."
అని, "కాదులే" అని తనే దిద్దుకున్నాడు.
నేనేమీ అనలేదు. ఏదో ఒకటి అనాల్సింది.

పందొమ్మిదిలో, లెక్క ప్రకారం, రెండు
దారినపోయే దానయ్యలు.
క్వాసార్‌వి కావు, ఎక్కడివో.
"ఏ రెండు?"
తెలియదు. ఎప్పటికీ తెలియదు.
పదకొండు వందల కోట్ల ఏళ్ళు నడిచొచ్చినదీ
నిన్నటి చెత్తా
ఒకే రకం చుక్కలై పడతాయి.
అందుకే రాసుకుంటాం:
పందొమ్మిది, అటూ ఇటూ నాలుగు.

లేచాడు. మోకాళ్ళు పటుక్కుమన్నాయి.
ఒడ్డంతా వెతికి బల్లపరుపు రాయి ఒకటి తీసి
బొటనవేలితో రుద్దాడు, చాలాసేపు,
నాలుగు అణువుల గరుకు కూడా మిగలకూడదన్నట్టు.
నడుం వంచి, నీటికి ఒరుసుకునేలా విసిరాడు.

ఒకటి. రెండు. మూడు.
నాలుగు.
ఐదు.
ఆరోది రాయో, చేపో
మంచులో కనబడలేదు.

"రాసుకో" అన్నాడు చెయ్యి తుడుచుకుంటూ.
"ఐదు. అటూ ఇటూ ఒకటి."