మూడో దారి

పదహారేండ్లు బోరు మోటార్లకు రాగి చుట్టిన చేతులివి.
చుట్టంటే నాకు లెక్క కాదు, అలవాటు.
అయినా ఈ నల్ల రింగు ముందట
రెండు రాత్రులు ఊకె కూసున్న.

సకినమంత ఫెర్రైట్ బిళ్ల.
దాని కడుపులకెళ్లి కేబులు తీసి చుట్టాలె.
ఏ కేబులు?

ఇంటింటికి డిష్షులొచ్చినంక
కేబుల్ టీవీ బాల్లింగం ఇడిసిపెట్టిన చుట్ట
మా మిద్దె మీద పడున్నది. వంద గజాలు, పైస ఖర్సు లేదు.
ఆశపడ్డ. తొమ్మిది చుట్లు, బిగిచ్చి.
నల్లగొండ ఎండ ఊకుంటదా!
నాలుగు దినాలకు కోసి చూస్తే
నురగసొంటి మెత్తటి పొరల నడిమి తీగ
ఓ దిక్కు జరిగి అల్లికను తాకబోతున్నది.
ఆ అల్లికేమో అల్యూమినియం, టంకం అంటదు.

బొటనవేలంత లావుది ఇంకోటున్నది.
మాటకు మంచిదే, వంపంటేనే దానికి పగ.
నాలుగు చుట్లకే రింగుకు ఊపిరాడలే.

ప్రకాశం బజారు ఎనుక గఫూర్ భాయ్ తుక్కు దుకాణంల
ఏదో టవరు పెట్టెకెళ్లి ఊడిన ముక్క దొరికింది:
గోధుమ రంగు తోలు, లోపల టెఫ్లాన్,
వెండి పూసిన జోడు అల్లిక. మూడు గజాలు.
ఆరువందలన్నడు.
"బంగారమా భాయ్?"
"వంచి చూడు."
వంచిన. కాలే టంకం కడ్డీ ఆనిచ్చిన.
కరగలే. పైసలిచ్చిన.

మాట పోయేది నడిమి తీగ మీద,
మళ్లొచ్చేది అల్లిక లోపలి మొకాన.
అల్లిక బయట ఇంకో దారున్నది, ఎవ్వలు ఏయంది.
నా మాట కొంత ఆ దారిన ఎనుకకొచ్చి
మైకు ఇనుములకెళ్లి నా పెదవినే కరిచేది.
గోడ దాటి ఈదమ్మక్క టీవీల దూరి
సీరియల్ నడుమ గురగురమనేది.

పన్నెండు చుట్లు, సగం ఇటు, సగం అటు.
లోపల పోయే మాటకు చుట్ల సోయే లేదు.

ఆ రాత్రి కొలంబోల ఎవరో పెద్దమనిషి
నీ గొంతు తేటగున్నదన్నడు.
పెదవి చల్లగున్నది.

తెల్లారి ఈదమ్మక్క గేటు కాడ:
"రాత్రి మాట్లాడలేదేంది తమ్మీ, పానం మంచిగున్నదా?"
"మాట్లాడిన అక్కా, కొలంబో దాక."
"మరి మా ఇంట్లకు రాలే?"

పాల ప్యాకెట్ పట్టుకొని జరసేపు అట్లనే నిలవడ్డది.

నేను లోపలికొచ్చి, రింగు ముందట కూసోని,
ఒక్క చుట్టు ఇప్పితే ఎంత నష్టమో
లెక్కెయ్యబట్టిన.